హెడ్‌లైట్ డూమ్ విప్పి ప్రాజెక్టర్ పెట్టుకోవడం: కొన్ని వానాకాలాల తర్వాత రివ్యూ

పాత స్విఫ్ట్ కారుకి బై-ఎల్ఈడీ ప్రాజెక్టర్లు, అంటే డిమ్మూ హై బీమూ రెండూ ఒకే లెన్స్‌లోంచి వచ్చే ఎల్ఈడీ లైట్లు, ఇంట్లోనే పెట్టుకుని ఏళ్లు గడిచాయి, మన ఎండలూ చూశాయి వానలూ చూశాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నా. పెట్టిన వారానికే రాసే రివ్యూలన్నీ వెలుగు గురించే ఉంటాయి. వెలుగు ఎవరికైనా వస్తుందండీ, విప్పిన డూమ్‌లోకి, అంటే హెడ్‌లైట్ డబ్బాలోకి, మళ్లీ నీళ్లు చేరకుండా ఉండటమే అసలు సంగతి, అది తేలాలంటే రెండు మూడు వానాకాలాలు పోవాలి.

దీంట్లో కంపెనీ ఇచ్చేది హెచ్4 హాలోజన్, 60/55 వాట్లు, డిమ్‌లో సుమారు 1000 ల్యూమెన్లు. నాలుగు లైన్ల హైవే మీద దాంతో నడిచిపోతుంది గానీ కోదాడ దగ్గర దిగి లోపలి రోడ్లెక్కితే చాలదు, కోతల టైంలో రోడ్డు మీదే వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, గేదెలు, అన్నీ దగ్గరికొచ్చాకే కనపడతాయి. చాలామంది చవకని పాత రిఫ్లెక్టర్‌లోనే, అంటే బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నెలోనే, ఎల్ఈడీ బల్బు గుచ్చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ రిఫ్లెక్టర్‌ని హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి డిజైన్ చేస్తారు, వెలుగు పుట్టే చోటు కాస్త మారినా చెదిరిపోయి ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. ప్రాజెక్టర్‌లో అయితే పై వెలుగుని కోసేసే షీల్డ్ ఉంటుంది, అందుకే డిమ్‌లో గోడ మీద వెలుగు పై అంచు గీత గీసినట్టు కనపడుతుంది, హై బీమ్ కొట్టినప్పుడు ఆ షీల్డ్ కిందికి పడుతుంది.

విప్పడం అందరూ భయపెట్టినంత కష్టం కాదు. నా డూమ్‌లకి ముందు గ్లాస్‌ని (గ్లాస్ అంటాం గానీ పాలికార్బొనేట్ ప్లాస్టికే) అతికించే సీల్ బ్యూటైల్, వేడికి మెత్తబడే నల్ల జిగురు. ఇంట్లో ఓవెన్‌లో డూమ్ పట్టదు, పెద్ద అట్టపెట్టెలో పెట్టి పక్కన కన్నం చేసి హీట్ గన్ పెట్టా, లోపల 90 నుంచి 100 డిగ్రీలు దాటనివ్వలేదు. బల్బులు, వెనక రబ్బరు మూతలు, స్క్రూలు, క్లిప్పులు ముందే తీసేయాలి, ఒక్క స్క్రూ మర్చిపోయి లాగినా గ్లాస్ అంచు పగులుతుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి నిదానంగా ఎత్తుకుంటూ పోవాలి, గట్టిపడితే మళ్లీ వేడి చేయాలి, తొందరపడొద్దు. లోపలి రిఫ్లెక్టర్‌ని మాత్రం వేలితో కూడా ముట్టుకోవద్దు, బట్టతో తుడిస్తే ఆ పల్చటి అల్యూమినియం పూత గీతలు పడిపోతుంది, దుమ్ముంటే గాలి ఊదడమే.

ప్రాజెక్టర్ వెనక కాడ హెచ్4 బల్బు కన్నంలోంచే దూరి నట్టుతో బిగుసుకుంటుంది, కోత పని లేదు. కొనేటప్పుడు ఒకటి అడగండి, మనం రోడ్డుకి ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ వైపే పైకి లేవాలి. కుడి పక్క నడిపే దేశాలకి చేసిన సరుకు కూడా ఆన్‌లైన్లో కలిపి అమ్ముతున్నారు, అది పెడితే మన దగ్గర ఎదుటి బండ్ల మీదికే కొడుతుంది. గ్లాస్ మూయకముందే రెండూ వెలిగించి గోడ మీద గీత వంకర లేకుండా చూసుకోవాలి, మూశాక తిప్పడానికి వీలుండదు. ఎత్తు మాత్రం తర్వాత స్క్రూతో సరిచేయొచ్చు, 10 మీటర్ల దూరంలో గోడ ఉంటే గీత లెన్స్ ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందుండాలి.

ఇక సీల్. కొత్త బ్యూటైల్ తాడే వేసి, మళ్లీ వేడి చేసి, చుట్టూ క్లాంపులు పెట్టి ఆరనివ్వడం, అంతే. షాపుల్లో సిలికాన్ పూసేయమంటారు, వద్దు. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఆవిరికి లోపలి మెరుపు పోతుంది, పైగా మళ్లీ విప్పాల్సొస్తే రాదు. కంపెనీ ఇచ్చిన గాలి కన్నాలు కూడా మూయొద్దు. హాలోజన్ వేడికి లోపలి తేమ ఆరిపోయేది, ఎల్ఈడీ వేడి ముందుకి రాదు, వెనక హీట్ సింక్‌లోకి (వేడిని లాగేసే లోహపు ముక్క) పోతుంది, అందుకే వానలో తిరిగొస్తే మూలల్లో పల్చటి ఆవిరి కనపడుతుంది. కన్నాలు తెరిచి ఉంటే పొద్దున్నకి పోతుంది, నీటి చుక్కలు కారుతుంటే మాత్రం సీల్ పోయినట్టే. నావి ఇప్పటికీ పొడిగానే ఉన్నాయి, ఈ రివ్యూలో నాకు అన్నిటికన్నా తృప్తి ఇచ్చేది ఇదే.

నచ్చనిది కూడా ఉంది, జోరువానలో ఈ తెల్ల వెలుగు తడి తారు మీద తేలిపోతుంది, పాత పసుపే నయం అనిపిస్తుంది. కొంటే బాగా తెల్లగా ఉండే 6000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) జోలికి పోకుండా కాస్త పసుపు కలిసిన 4300 దగ్గర్లో ఉన్నది చూడండి. ఎడమ ప్రాజెక్టర్ ఫ్యాన్ ఈ మధ్య సన్నగా మోగుతోంది, వెలుగు తగ్గలేదు. గ్లాస్ పైన ఎండకి పసుపెక్కింది, దానికి ప్రాజెక్టర్‌తో సంబంధం లేదు, పాలికార్బొనేట్ పై పూత పోతే అంతే.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పుల మీదే ఉంది, ఆర్టీఏ వాళ్లో ఇన్సూరెన్స్ వాళ్లో అడిగితే జవాబు మీదే.

కొన్ని కార్లకి బ్యూటైల్ ఉండదు, వేడికి లొంగని గట్టి సీల్ వేస్తారు, వాటిని కోసి తీయాల్సిందే. మీది అదైతే వదిలేయండి. హాలోజనే ఉంచి రిలే హార్నెస్, అంటే బ్యాటరీ నుంచి బల్బుకి నేరుగా కరెంటు ఇచ్చే విడి వైరింగ్, ఫ్యూజ్‌తో సహా వేయించండి, బల్బు దగ్గర ఒక్క వోల్టు తగ్గినా వెలుగు పాతిక శాతం దాకా పడిపోతుంది, చాలా పాత బండ్లలో తగ్గుతున్నది ఆ వోల్టేజే.