ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పదేపదే క్రాష్ అవుతోందా? ఫార్మాట్ మేలా, ఎక్స్‌టెన్షన్ వెతకడం మేలా?

ఫోల్డర్ తెరిచి ఏదో ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తారు. తెర ఒక్కసారి ఖాళీ అవుతుంది, కింద టాస్క్‌బార్ మాయమై మళ్లీ వస్తుంది, తెరిచి పెట్టుకున్న ఫోల్డర్లన్నీ మూసుకుపోతాయి. విండోస్ 10, 11 వాడేవాళ్లలో చాలామందికి తెలిసిన బాధే ఇది. షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, సెట్ అయిపోతుంది." ఈ సలహాతో నాకు గట్టి పేచీ ఉంది. ఇలాంటి క్రాష్‌లకు ఫార్మాట్ ఆఖరున, ఇంకేదీ పనిచేయనప్పుడు చేయాల్సిన పని. దానికంటే ముందు చేయదగినవి ఇంకా ఉన్నాయి. వాటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో చూద్దాం.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. మనం ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అనుకునే ప్రోగ్రామే డెస్క్‌టాప్‌నూ, టాస్క్‌బార్‌నూ, స్టార్ట్ బటన్‌నూ కూడా నడిపిస్తుంది. అందుకే ఒక ఫోల్డర్‌లో తేడా వస్తే టాస్క్‌బార్ కూడా దానితో పాటు పోతుంది. ఇక రెండో సంగతి. విండోస్ 95 నాటి నుంచి బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఎక్స్‌ప్లోరర్‌లోకి తమ ముక్కల్ని చేర్చుకోవచ్చు. వీటిని షెల్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. రైట్ క్లిక్ మెనూలో కనిపించే విన్‌రార్, 7-జిప్, యాంటీవైరస్ స్కాన్ లాంటి లైన్లు, డ్రాప్‌బాక్స్ ఫైళ్ల మీద వేసే టిక్కు గుర్తులు అన్నీ ఇవే. రైట్ క్లిక్ మెనూకి చేరే ముక్కలు నేరుగా ఎక్స్‌ప్లోరర్ లోపలే నడుస్తాయి. వాటిలో ఒకటి తప్పు చేస్తే కుప్పకూలేది ఎక్స్‌ప్లోరరే. ఆ ముక్కను రాసిన సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఏమీ కాదు. చూసేవాళ్లకు విండోస్ పాడైందనే అనిపిస్తుంది.

కాబట్టి మందు ఎంచుకునే ముందు ఎప్పుడు క్రాష్ అవుతోందో గమనించండి. రైట్ క్లిక్ చేసినప్పుడే అయితే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదకే పోతుంది. విండోస్ 11లో ఇంకా తేలిక. చిన్న మెనూ బాగానే వచ్చి, "షో మోర్ ఆప్షన్స్" నొక్కినప్పుడు మాత్రమే పడిపోతుంటే, పాత తరహా ఎక్స్‌టెన్షన్లలో ఏదో ఒకటి కారణమని చాలావరకు నమ్మవచ్చు. వీడియోలు, ఫొటోలు ఉన్న ఫోల్డర్‌లోనే గొడవైతే థంబ్‌నెయిల్స్ (ఫైళ్లలో ఉన్నది చూపే చిన్న బొమ్మలు) తయారుచేసే భాగాన్నో, వీడియోలు ఆడడానికి ఎప్పుడో వేసిన కోడెక్ ప్యాక్‌నో చూడాలి. ఏ ఫోల్డరూ తెరవకముందే, ఎక్స్‌ప్లోరర్ గుర్తు నొక్కగానే పడిపోతుంటే ఈమధ్య వాడిన ఫైళ్లు, ఫోల్డర్లు చూపే క్విక్ యాక్సెస్ జాబితా చెడి ఉండవచ్చు. క్రాష్ కాకుండా చాలాసేపు బిగుసుకుపోయి ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతుంటే అది వేరే కథ. ఆగిపోయిన నెట్‌వర్క్ డ్రైవో, చావుకు దగ్గరపడ్డ హార్డ్‌డిస్కో అయి ఉంటుంది.

దీనికి విండోస్‌లోనే ఒక మంచి సాధనం ఉంది, ఎందుకో ఎక్కువమంది తెరిచి చూడరు. స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని ఇంగ్లీషులో టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. ఏ రోజు ఏది క్రాష్ అయిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. దాని మీద నొక్కి వివరాల్లోకి వెళ్తే ఫాల్ట్ మాడ్యూల్ పేరు, అంటే ఏ ఫైల్ దగ్గర క్రాష్ బయటపడిందో ఆ పేరు ఉంటుంది. అది ఏదైనా సాఫ్ట్‌వేర్‌కు చెందిన ఫైల్ పేరైతే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త. అక్కడ ఎన్‌టీడీఎల్ఎల్ అనో కెర్నల్‌బేస్ అనో కనిపిస్తే విండోస్ ఫైళ్లే పాడయ్యాయని చాలామంది తేల్చేస్తారు. అవి విండోస్ మూల ఫైళ్లు, దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాటి మీదుగానే పనిచేస్తుంది. వేరేవాళ్లు చేసిన తప్పు కూడా చివరికి అక్కడే బయటపడవచ్చు.

ఇప్పుడు అసలు పోలిక.

నేను మొదటి స్థానం ఇచ్చేది ఎక్స్‌టెన్షన్లను ఆపి చూడడానికి. నిర్‌సాఫ్ట్ వాళ్ల షెల్ఎక్స్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ దీనికి సరిపోతుంది, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని కూడా లేదు. 64 బిట్ విండోస్‌కు 64 బిట్ రకమే దించుకోవాలి. తెరవగానే ఎక్స్‌టెన్షన్లన్నీ వరుసగా కనిపిస్తాయి, మైక్రోసాఫ్ట్‌వి కానివి గులాబీ రంగులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్‌వి ముట్టుకోవద్దు. గులాబీ రంగువి అన్నీ ఎంచుకుని ఎఫ్7 నొక్కితే ఆగిపోతాయి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రీస్టార్ట్ కొట్టండి. క్రాష్ ఆగిందంటే దొంగ ఆ జాబితాలోనే ఉన్నాడు. వాటిలో సగం మళ్లీ ఆన్ చేసి చూడండి. క్రాష్ తిరిగొస్తే ఆ సగంలో, రాకపోతే మిగతా సగంలో ఉన్నట్టు. పదహారు ఎక్స్‌టెన్షన్లున్నా ఇలా నాలుగు విడతల్లో ఒక్కదాని దగ్గరికి వచ్చేస్తారు. ఒక్కొక్కటే ఆపుతూ పోతే సాయంత్రం దాకా కూర్చోవాల్సి వస్తుంది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, ఏదీ చెరిగిపోదు. ఆపింది ఎప్పుడైనా మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ఆపినందువల్ల పోయేది రైట్ క్లిక్‌లో ఒక లైన్ మాత్రమే. 7-జిప్‌ను విడిగా తెరిచి ఫైళ్లు విప్పుకోవడం ఎప్పటిలాగే జరుగుతుంది. కారణమైన సాఫ్ట్‌వేర్ తెలిశాక దాని కొత్త వెర్షన్ వేసి చూడాలి. అయినా తగ్గకపోతే దాని సెట్టింగ్స్‌లో మెనూలో కలిసే ఆప్షన్ తీసేయాలి. విన్‌రార్, 7-జిప్ రెండింటిలోనూ ఆ సదుపాయం ఉంది. టాస్క్‌బార్ రూపం మార్చే సాఫ్ట్‌వేర్లు వాడుతుంటే వాటిని అన్నిటికంటే ముందు తీసి చూడండి. 2023 ఫిబ్రవరి చివర్లో వచ్చిన ఒక విండోస్ 11 అప్‌డేట్ తర్వాత ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్, స్టార్ట్ఆల్‌బ్యాక్ లాంటివి ఉన్న కంప్యూటర్లలో ఎక్స్‌ప్లోరర్ ఎర్రర్లు వరుసగా వచ్చి విండోస్ సరిగా తెరుచుకోకపోవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది.

దీనికి తోడుగా కొన్ని చిన్న సెట్టింగ్స్ ఉన్నాయి, ఖర్చు లేనివి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిస్టరీ క్లియర్ చేయడం, ఎక్స్‌ప్లోరర్ నేరుగా "దిస్ పీసీ"లో తెరుచుకునేలా మార్చడం, థంబ్‌నెయిల్స్ ఆపి ఐకాన్లు మాత్రమే చూపించమనడం. అక్కడే వ్యూ ట్యాబ్‌లో ఫోల్డర్ విండోలను వేరే ప్రాసెస్‌గా నడిపించే ఆప్షన్ ఉంటుంది. అది క్రాష్‌ను ఆపదు, కానీ ఫోల్డర్ పడిపోయినా టాస్క్‌బార్ నిలబడుతుంది. పని మధ్యలో ఉన్నవాళ్లకు అదే పెద్ద ఊరట.

ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా ముందు చెప్పేది ఎస్ఎఫ్‌సీ, డిస్మ్ కమాండ్ల గురించి. వాటికి నేను రెండో స్థానమే ఇస్తాను. ఎస్ఎఫ్‌సీ విండోస్ సొంత ఫైళ్లను సరిచూసి, పాడైనవాటి చోట మంచి కాపీ పెడుతుంది. ఆ మంచి కాపీలుండే నిల్వే చెడిపోతే దాన్ని బాగుచేసేది డిస్మ్. అందుకే డిస్మ్ ముందు, ఎస్ఎఫ్‌సీ తర్వాత నడపాలి. రెండూ సురక్షితమైనవే, మీ ఫైళ్ల జోలికి రావు. కరెంటు పోయి కంప్యూటర్ మధ్యలో ఆగిపోయినప్పుడో, అప్‌డేట్ సగంలో తెగినప్పుడో ఇవి నిజంగా ఆదుకుంటాయి. కానీ బయటి సాఫ్ట్‌వేర్ వేసిన ఎక్స్‌టెన్షన్‌ను ఇవి చూడనే చూడవు. "ఎలాంటి లోపం లేదు" అని వచ్చాక కూడా రైట్ క్లిక్ చేస్తే క్రాష్ కావడంలో వింతేమీ లేదు.

క్లీన్ బూట్ చేయమనే సలహాదీ ఇదే లోటు. అది సర్వీసులనూ స్టార్టప్ ప్రోగ్రాములనూ ఆపుతుంది గానీ షెల్ ఎక్స్‌టెన్షన్లు అలాగే ఉంటాయి. దానికంటే కొత్త యూజర్ అకౌంట్ చేసి అందులో చూడడం మేలు. అక్కడ బాగుంటే లోపం మీ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉన్నట్టు.

ఇక ఎక్స్‌ప్లోరర్‌ను పక్కనపెట్టి టోటల్ కమాండర్, డబుల్ కమాండర్, ఫ్రీకమాండర్ లాంటి వేరే ఫైల్ మేనేజర్‌కు మారిపోదాం అనేవాళ్లున్నారు. రోజూ వందల ఫైళ్లు అటూ ఇటూ మార్చేవాళ్లకు రెండు పలకల ఫైల్ మేనేజర్ చాలా హాయి, అందులో సందేహం లేదు. కానీ క్రాష్‌కు విరుగుడుగా అయితే ఇది సగం పరిష్కారమే. వీటిలో కూడా రైట్ క్లిక్ చేసి విండోస్ మెనూ తెప్పించినప్పుడు లోడ్ అయ్యేవి ఆ ఎక్స్‌టెన్షన్లే. అంటే ఈసారి టోటల్ కమాండర్ పడిపోవచ్చు. వర్డ్‌లోనో ఫొటోషాప్‌లోనో ఫైల్ సేవ్ చేసేటప్పుడు వచ్చే విండో కూడా విండోస్ షెల్ మీదే, అంటే ఎక్స్‌ప్లోరర్ వాడే ఆ భాగాల మీదే ఆధారపడుతుంది. సేవ్ నొక్కినప్పుడు వర్డ్ మూసుకుపోతుంటే మూలం ఇక్కడే ఉండవచ్చు. రేపు ఉదయానికి పని అప్పగించాలి, వెతికే తీరిక లేదు అనుకున్నప్పుడు మాత్రం ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఇవి బాగా అక్కరకొస్తాయి.

చివరికి విండోస్‌ను మళ్లీ వేయడం. ఇందులోనూ మూడు రకాలున్నాయి, షాపులో చాలాసార్లు మూడింటినీ ఒకే గాటన కడతారు. మొదటిది రిపేర్ ఇన్‌స్టాల్. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లన్నీ ఉండే ఒకే ఫైల్) దించుకుని, విండోస్ నడుస్తుండగానే అందులోని సెటప్ తెరిచి, ఫైళ్లూ యాప్‌లూ ఉంచమని ఎంచుకోవాలి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్తే విండోస్ అప్‌డేట్ ద్వారానే ఇదే పని చేసే బటన్ ఉంది. రెండోది రీసెట్. "కీప్ మై ఫైల్స్" అన్నా సరే ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. మూడోది పూర్తి ఫార్మాట్, ఆ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ఈ మూడింటిలో మేలైనది రిపేర్ ఇన్‌స్టాల్ అని నిస్సంకోచంగా చెబుతాను. డిస్మ్ కూడా చేతులెత్తేసినప్పుడు చేయాల్సింది అదే.

ఒక గదిలో బల్బు వెలగలేదని ఇల్లంతా వైరింగ్ పీకించినట్టు ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ తప్పుకు ఫార్మాట్ కొట్టించడం. ఆ తర్వాత మీరు వేసుకునేది మళ్లీ ఆ సాఫ్ట్‌వేరే, ఆ వెర్షనే. క్రాష్ కూడా దానితోనే తిరిగొస్తుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడిచే డీటీపీ సెంటర్ల వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఏళ్ల కిందట వేసిన సాఫ్ట్‌వేర్ సీడీ ఇప్పుడు దొరక్కపోవచ్చు, లైసెన్స్ మళ్లీ చెల్లకపోవచ్చు. పెళ్లిపత్రికల సీజన్లో అలా ఇరుక్కుంటే ఒక్క రోజు పని ఆగినా నష్టమే. ఎవరైనా ఫార్మాట్ అంటే, రిపేర్ ఇన్‌స్టాల్ చేయగలరా అని ముందు అడగండి. చేయలేమంటే ఇంకో షాపు చూసుకోవడంలో తప్పు లేదు.

ఇంతా చెప్పాక ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరుస పనికిరాదు. ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతూ, డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తూ, కాపీ చేస్తుంటే కొన్ని ఫైళ్లు చదవలేకపోతున్నానని చెబుతుంటే ఎక్స్‌టెన్షన్లూ వద్దు, ఎస్ఎఫ్‌సీ వద్దు, డిస్క్‌లో లోపాలు వెతికే చెక్‌డిస్క్ కూడా వద్దు. ఇవన్నీ చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద ఇంకా భారం వేస్తాయి. ముందు పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, లెక్కల ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి తీసుకోండి. డిస్క్ మార్చి విండోస్ కొత్తగా వేయించడం ఆ తర్వాతి పని.