కుళ్లిన స్పీకర్ అంచుకు ఫోమా, రబ్బరా, కొత్త వూఫరా: ఏది మేలు?

1970, 1980 దశకాల నాటి స్టీరియో స్పీకర్ల జతను రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో పాతసామాన్ల దుకాణంలో బేరమాడి ఇంటికి తెచ్చి, ముందువైపు గుడ్డ బిగించిన చట్రాన్ని ఊడదీస్తే, చాలాసార్లు కనిపించేది ఒక్కటే. మంద్రధ్వనులు పలికించే పెద్ద స్పీకరైన వూఫర్‌లో, కదిలే గరాటు (కోన్) చుట్టూ ఉండవలసిన ఫోమ్ అంచు సగం రాలిపోయి ఉంటుంది, మిగిలిన సగాన్ని తాకితే మాడిన బెల్లం పాకంలా వేలికి నల్లగా అంటుకుంటుంది. ఆ ఫోమ్ పాలియురెథేన్. గాలిలోని తేమ దాని అణుబంధాలను క్రమంగా తెంచివేస్తుంది కనుక, వాడినా వాడకపోయినా అది కొన్నేళ్లకు పొడి అవుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా నీరుకారే కోనసీమలో దానికి దీర్ఘాయుష్షు ఆశించలేము.

అంచు పోయినంత మాత్రాన స్పీకర్ పోయినట్టు కాదు. మల్టీమీటరుతో కొలిచినప్పుడు 8 ఓమ్‌ల వూఫర్ సుమారు 6 ఓమ్‌లు చూపితే, కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమానంగా లోపలికి నొక్కినప్పుడు గీసుకున్న చప్పుడు రాకపోతే, కోన్‌ను కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) బాగున్నట్టే. ఆ తరువాత ముందున్న దారులు నాలుగు: దుకాణంలో కోన్ మొత్తం మార్పించడం, కొత్త వూఫర్ కొనడం, ఇంట్లోనే ఫోమ్ అంచు వేసుకోవడం, లేదా రబ్బరు అంచు వేసుకోవడం.

మన ప్రాంతంలో చేతికి అందుబాటులో ఉన్నది మొదటి దారి. తీర్థాలకూ పెళ్లిళ్లకూ సౌండ్ సెట్లు అద్దెకిచ్చేవారు ఊరూరా ఉన్నారు కాబట్టి, కాలిపోయిన స్పీకర్లకు కాయిలూ కోనూ వేసే పనివారికి కూడా కొదవ లేదు. నేను కూడా అలాగే ఒక వూఫర్‌ను ఒక దుకాణంలో ఇచ్చాను. వారు కాయిల్‌ను నేర్పుగానే అమర్చారు గాని, కోన్ మాత్రం మడతలు మడతలుగా గట్టిగా ఉండే గుడ్డ అంచుతో వేశారు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనసమ్మర్దాన్ని దాటి వినిపించవలసిన స్పీకర్‌కు తగిన అంచు అది. అటువంటి కోన్ తక్కువ దూరం కదిలి ఎక్కువ మోత మోగిస్తుంది. ఇంటి స్పీకర్ కోన్ అయితే మెత్తగా, ఎక్కువ దూరం కదలాలి. ఫలితంగా ఆ వూఫర్‌లో మృదంగం తొప్పి వైపు నాదం పూర్తిగా ఎండిపోయింది, రెండో స్పీకర్‌తో జత కూడా చెడింది. తప్పు పనివారిదని అనలేను. ఏ రకం కోన్ కావాలో నేనే చెప్పలేదు. కాయిల్ కాలిపోతే తప్ప ఈ దారి పట్టకూడదని, పట్టినా మెత్తని అంచున్న కోన్‌ను చూసి ఎంచుకున్నాకే ఇవ్వాలని నా అభిప్రాయం.

కొత్త వూఫర్ కొనడం అన్నిటికన్నా సులువుగా కనిపించే పొరపాటు. 1954లో ఎడ్గర్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ద్వారా తెచ్చిన ఏఆర్-1 స్పీకర్‌లో, పూర్తిగా మూసిన బాక్సులోని గాలినే స్ప్రింగుగా వాడుకున్నారు. ఆ పద్ధతిని అనుసరించిన మూసిన బాక్సుల్లో వూఫరూ బాక్సూ ఒకదానికొకటి కొలిచి చేసినవి. అంగుళాలు సరిపోయాయి కదా అని మరో వూఫర్ బిగిస్తే స్క్రూ రంధ్రాలు కలుస్తాయి, స్వరం కలవదు.

ఇక అసలు పోటీ ఫోమ్‌కూ రబ్బరుకూ మధ్య. ఫోమ్ పక్షాన బలమైన వాదం ఉంది: కంపెనీవారు వేసింది అదే, బరువు లేనిది, తెల్లని ఫెవికాల్‌తో చక్కగా అతుక్కుంటుంది, జిగురు ఆరేలోగా కోన్‌ను అటూ ఇటూ సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. రబ్బరు బరువు. కదిలే భాగం 30 గ్రాములున్న వూఫర్‌కు అదనంగా 3 గ్రాములు చేరితే, దాని సహజ కంపన సంఖ్య సుమారు 5 శాతం కిందికి దిగుతుంది, ధ్వని ఒక డెసిబెల్‌కు కొంచెం తక్కువగా తగ్గుతుంది. ఆ మాత్రం తగ్గుదలను ఆంప్లిఫయర్ మీట కొద్దిగా తిప్పి సరిచేసుకోవచ్చు. రబ్బరు ఫోమ్ కన్నా బిరుసుగా ఉంటుందన్నది రెండో ఆక్షేపణ. అయితే మూసిన బాక్సులో కోన్‌ను వెనక్కి తెచ్చే పని ప్రధానంగా లోపలి గాలిదే కాబట్టి, అంచు బిరుసులో కొద్దిపాటి తేడా అక్కడ పెద్దగా వినిపించదు. ముందో వెనకో గొట్టం ఉన్న బాక్సుల్లో ఈ వాదం చెల్లదు; ఆ గొట్టం పొడవును పాత వూఫర్ గుణాలను బట్టే నిర్ణయించారు.

అందుచేత గొట్టమున్న బాక్సులకు, తేలికైన కోన్ గల చిన్న వూఫర్లకు ఫోమ్ వేసి, పదేళ్ల తరువాత మళ్లీ వేయవలసి వస్తుందని ఒప్పుకోవడం మేలు. మూసిన బాక్సులోని ఎనిమిది, పది అంగుళాల వూఫర్లకు డెల్టాలో నా ఓటు మెత్తని రబ్బరుకే. ఏది వేసినా జతలోని రెండు స్పీకర్లకూ ఒకటే వేయాలి. గుడ్డ అంచుతోనే తయారైన పాత స్పీకర్లుంటే ఈ చర్చ అనవసరం, వాటిని పీకకూడదు.

పనిలో ఎక్కువ సమయం తీసుకునేది పాత జిగురును తీయడమే. బ్లేడు మొండివైపుతో కోన్ అంచును గీకుతూ పోవాలి. కాగితం పొర లేచినట్టు అనిపిస్తే అక్కడితో ఆపాలి. రబ్బరుకు ఫెవికాల్ పట్టదు, చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురు కావాలి, అదేమో తగిలీ తగలగానే పట్టేస్తుంది. కాబట్టి ముందు కోన్ నడుమ ఉండే మూతను (డస్ట్ క్యాప్‌ను) కోసి తీసి, కాయిల్‌కూ నడిమి ఇనుప దిమ్మెకూ మధ్య సందులో పాత ఫోటో నెగటివ్ ముక్కలను నాలుగు వైపులా దోపి, కోన్‌ను నట్టనడుమ నిలిపాకే అంచును ఇనుప చట్రానికి అంటించాలి. ఆరాక ముక్కలు లాగేసి, ఇల్లు సద్దుమణిగిన రాత్రివేళ చెవిని దగ్గరగా పెట్టి కోన్‌ను నొక్కితే, ఇసుక మీద చీపురు గీసినంత సన్నని చప్పుడైనా వినిపిస్తుంది. వినిపిస్తే అంచును మళ్లీ ఊడదీయవలసిందే. ఫోమ్‌తో అయితే జిగురు తడి ఉండగానే వేలితో జరిపి సరిచేసేవాణ్ణి అని రబ్బరు వేసిన ప్రతిసారీ అనుకుంటాను.

మంద్ర, తార ధ్వనులను వేరుచేసి ఆయా స్పీకర్లకు పంపే సర్క్యూట్ (క్రాస్‌ఓవర్) లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండి విలువ మారి ఉంటాయి. అదే విలువ గల నాన్‌పోలార్ రకమో ఫిల్మ్ రకమో వేస్తే సరి. బాక్సులోని గాజుదూది దురద పెడుతుందని తీసి బూరుగుదూది కూరేవారున్నారు. విడి దూది పోగులు వూఫర్ వెనక నుంచి కాయిల్‌లోకి చేరే ప్రమాదం ఉన్నందున, పాతదాన్నే పలుచని గుడ్డలో చుట్టి తిరిగి పెట్టడం మంచిదని నేననుకుంటున్నాను.

బాక్సు విషయంలో ప్రశ్న వరదనీరు తగిలిందా లేదా అన్నదే. పొట్టుచెక్క (పార్టికల్ బోర్డు) బాక్సు అడుగు అంచు ఒకసారి అటుకుల్లా ఉబ్బితే ఏ జిగురూ దాన్ని తిరిగి బిగించలేదు. అప్పుడు వడ్రంగి చేత ప్లైవుడ్‌తో కొత్తది చేయించాలి. వెలుపలి సొగసు ఎలా ఉన్నా, లోపలి కొలతలను మాత్రం పాత బాక్సు విప్పి టేపుతో కొలిచి ఇవ్వాలి. మందం ఎక్కువ ఉన్న చెక్క వాడితే ఆ మేరకు వెలుపలి కొలత పెరగాలే గాని లోపలి చోటు తగ్గకూడదు.