జపనీస్ లిపి: యాప్‌లోనా, లైవ్ క్లాసులోనా?

శ్రీకాకుళంలో ఉండి జపనీస్ మొదలుపెట్టేవాళ్లకు ఫోన్ యాప్ చాలా వీలు. ఆ భాషలోని రెండు ప్రాథమిక లిపులు, అంటే 46 హిరగానా అక్షరాలు, అన్నే కటకానా అక్షరాలు గుర్తుపట్టడం దానితోనే వచ్చేస్తుంది, ఖర్చూ తక్కువే.

చిక్కల్లా చేతిరాతలో. కటకానాలో 'షి', 'త్సు' కవలపిల్లల్లా ఉంటాయి. 'షి'లో పొడవు గీత కింది నుంచి పైకి వెళ్తుంది, 'త్సు'లో పై నుంచి కిందికి దిగుతుంది. లైవ్ క్లాసులో టీచర్ కెమెరా ముందు నోటుబుక్కు పెట్టించి అక్కడికక్కడే దిద్దుతారు.

జపనీస్ ఎంత వచ్చో తేల్చే జేఎల్‌పీటీ పరీక్షలో చేత్తో రాసేది, మాట్లాడేది ఏదీ ఉండదు కదా అంటారా? నిజమే, అందులో అన్నిటికన్నా తేలికైన ఎన్5 స్థాయి లిపి వరకైతే యాప్ సరిపోతుంది. జపాన్ వెళ్లి పనిచేయాలనుకునే మన పిల్లలకు మాత్రం క్లాసే మంచిదని నేను చెప్తాను. మీ ఊళ్లో సాయంత్రాలు కరెంటు పోతుంటే రికార్డింగ్ ఇచ్చే క్లాసు చూసుకోండి.