వంద గీతల గాజు బిళ్ల: నాలుగేళ్లు వాడాక

ఆక్యులర్ మైక్రోమీటర్ అంటే కొలతల కోసం మైక్రోస్కోప్ కంటి కటకంలో వేసుకునే గీతల గాజు బిళ్ల, మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాళ్లకి తెలిసిందే. నా కోపమంతా ఒక్క విషయం మీదే. దీని మీద అంకెలుంటాయి గానీ అవి మైక్రాన్లు (మిల్లీమీటర్లో వెయ్యో వంతులు) కావు, గీతకు ఎన్ని మైక్రాన్లన్నది మైక్రోస్కోప్‌ను బట్టి మారుతుంది. ఆ సంగతి తెలిసి కూడా బోల్తా పడ్డాను.

నా పని తిరుపతి చుట్టుపక్కల ఎలుకలు, చుంచెలుకల మీద చిగ్గర్లు (సన్నటి మైట్ పురుగులు) ఏరడం. బోనులో బజ్జీ ముక్క పెడితే తెల్లారేసరికి ఏదో ఒకటి పడుతుంది, చెవి డొప్ప విప్పి చూస్తే లోపల నారింజ రంగు పొడి చల్లినట్టుంటుంది. అవన్నీ ఆరు కాళ్ల లార్వాలు. జంతువును పట్టుకునేది ఆ ఒక్క దశే, ఎనిమిది కాళ్లొచ్చాక నేలలోనే బతుకుతాయి, అందుకే వర్గీకరణ కూడా చాలావరకు లార్వా మీదే నడుస్తుంది. వీపు మీద స్క్యూటమ్ అనే పలక, దాని మీద వెంట్రుకలు ఎన్ని, ఎంతెంత దూరంలో ఉన్నాయి, అదీ లెక్క.

మూడో ఏడు మా మైక్రోస్కోప్ పాడైతే బిళ్ల తీసి పక్క ల్యాబ్‌ దాంట్లో వేశాను. అక్కడా 40ఎక్స్, ఇక్కడా 40ఎక్స్, ఇంకేం అనుకున్నా. పాతదాంట్లో గీతకు 2.5 మైక్రాన్లు, అదే లెక్క వేసుకుంటూ పోయా. వెనక వెంట్రుకల మధ్య 32 గీతలు, అంటే 80 మైక్రాన్లు. ఇంకో స్లైడ్ తీసినా అంతే. మిగతా కొలతలూ పెద్దవే, నా దగ్గరున్న ఏ జాతి వర్ణనలోనూ ఇమడలేదు. మూడు రోజులు నిద్ర లేదు, కొత్త జాతి దొరికిందని శేషాచలం కలిసొచ్చేలా పేరు కూడా ఆలోచించుకున్నా (చెప్పుకుంటే సిగ్గు). మా సీనియర్ అన్న స్లైడ్ వైపు కూడా చూడకుండా "క్యాలిబ్రేట్ చేసినావా?" అన్నాడు. స్టేజ్ మైక్రోమీటర్ (అసలు మైక్రాన్ల లెక్కన గీతలున్న స్లైడ్) పెట్టి సరిచూస్తే 40 గీతలకు 90 మైక్రాన్లే. నా 80 కాస్తా 72 అయింది, కొత్త జాతి పోయి రోజూ చూసే లెప్టోట్రాంబిడియం అనే చిగ్గరే మిగిలింది. 61 స్లైడ్లు మళ్లీ మొదటి నుంచి కొలిచాను.

మొదట్లో జూనియర్లందరినీ ఇది కొనమన్నాను. ఇప్పుడూ కొనమనే అంటా, కాకపోతే స్టేజ్ మైక్రోమీటర్ ఎవరి దగ్గరైనా దొరుకుతుందా అని ముందు కనుక్కోండి. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు చాలనుకుంటే బిళ్ల లేకపోయినా గడిచిపోతుంది, సెన్సిల్లా (స్క్యూటమ్ మీది ప్రత్యేకమైన వెంట్రుక) కొరడాలా సన్నగా ఉందా, లేక వాల్కియా అనే ఇంకో ప్రజాతిలో లాగా ఉబ్బి, పలక మీద ముందు నడిమి వెంట్రుక లేకుండా ఉందా అన్నది చూస్తేనే తెలుస్తుంది. నాకు జాతి దాకా పోక తప్పదు, చిగ్గర్లు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని మోసేవాటిని విడిగా పెట్టాలి, కొలిచే కెమెరాకి మా ల్యాబ్‌లో డబ్బుల్లేవు.

బిళ్ల డబ్బా మూతకి ప్లాస్టర్ అంటించి 2.25 అని రాసుకున్నా, కింద ఆ మైక్రోస్కోప్ నంబర్ కూడా.