నగలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టి: చెవిలో హోరు ఉన్న స్వర్ణకారుడి సమీక్ష

ఈ యంత్రం కొనాలనుకునే తోటి పనివాళ్లు నన్ను ముందుగా అడిగేది నగ ఎంత శుభ్రమవుతుందని కాదు. ‘దాని పక్కన కూర్చుంటే చెవిలో హోరు పుడుతుందట, నిజమేనా?’ అని. నన్నే అడగడానికి కారణముంది. నాకు రెండు చెవుల్లోనూ సన్నని ఈల వంటి మోత ఎప్పుడూ వినిపిస్తూ ఉంటుంది. డాక్టర్లు దాన్ని టినిటస్ అంటారు. ఈ తొట్టి మా పనిగదిలోకి రాకముందే ఆ మోత ఉంది. కాబట్టి తొట్టి వల్ల అది పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అన్నది ఏళ్ల తరబడి జాగ్రత్తగా గమనిస్తూ వచ్చాను. నాకు అర్థమైనంతవరకు జవాబు ఇదీ: చెవికి వినపడని అల్ట్రాసౌండ్ వల్ల నా మోత పెరిగిన దాఖలా లేదు. కానీ అదే యంత్రం నుంచి వచ్చే, చెవికి వినపడే పదునైన శబ్దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

మాది ప్రొద్దుటూరు. చిన్న పనిగది. మా దగ్గరున్నది ఆరు లీటర్ల స్టీలు తొట్టి, 40 కిలోహెర్ట్జ్‌ది. నీళ్లు వేడిచేసే హీటరు, టైమరు, అడుగున నీళ్లు వదలడానికి కుళాయి ఉన్నాయి. తొట్టి అడుగు భాగానికి కింది నుంచి పీజోఎలక్ట్రిక్ బిళ్లలు అతికించి ఉంటాయి. కరెంటు ఇస్తే అవి సెకనుకు 40,000 సార్లు కంపిస్తాయి, 40 కిలోహెర్ట్జ్ అంటే అదే. ఆ కంపనానికి నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న బుడగలు పుట్టి, వెంటనే పగిలిపోతాయి. ఒక్కో బుడగ పగిలినప్పుడు పుట్టే నీటి విసురే నగ మీది మురికిని ఊడదీస్తుంది.

శుభ్రపరచడంలో దీనికి సాటి లేదు. నక్షీ పనిలో లక్ష్మీదేవి ప్రతిమ వెనుక, ఆకుల మధ్య, జుంకీల లోపలి గిన్నెలో పాలిష్ చేసేటప్పుడు పట్టిన నల్లటి మడ్డిని కుంకుడుకాయ రసం, మెత్తటి బ్రష్‌తో తీయాలంటే ఒళ్లు హూనమయ్యేది. ఇప్పుడు కాస్త సబ్బు నీళ్లు కలిపి, 50 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు ఉంచితే మడ్డి పొగలా విడిపోవడం కళ్లారా చూడవచ్చు. అయితే గుట్టపూసల హారం మాత్రం ఇందులో వేయకండి. ముత్యం పైపొర దెబ్బతింటుంది. పగడాలు కూడా వద్దు. పచ్చలు అసలే వద్దు, వాటి పగుళ్లలో నింపిన నూనె బయటికి వచ్చేస్తుంది, ఉన్న పగులు పెద్దదవుతుంది. లక్క నింపిన పాతకాలపు నగలైతే వేడికి లక్క మెత్తబడి రాళ్లు కదులుతాయి. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఇవన్నీ స్పష్టంగా రాయలేదు. చెవుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

ఇక శబ్దం సంగతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మనిషి చెవికి వినపడేది ఎక్కువలో ఎక్కువ 20 కిలోహెర్ట్జ్ వరకు, అదీ చిన్న వయసులో. గాలిలో వచ్చే 40 కిలోహెర్ట్జ్ ఎవరికీ వినపడదు. మరి మూత తీయగానే చెవిలో దూసుకుపోయే ఆ ‘సుస్స్’ మోత ఎక్కడిది? బుడగలు పగిలేటప్పుడు పుట్టే శబ్దం ఒక్క స్వర స్థాయిలో (పౌనఃపున్యంలో, అంటే సెకనుకు కంపనాల లెక్కలో) ఉండదు, కింది స్థాయిల దాకా పరుచుకుని ఉంటుంది. దానికి తోడు యంత్రం నడిచే పౌనఃపున్యంలో సరిగ్గా సగం దగ్గర, అంటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర, మరో గట్టి స్వరం పుడుతుంది. కొనేవాళ్లు ఈ లెక్క తప్పక గుర్తుంచుకోవాలి. బరువైన ఇనుప సామాను కడగడానికి వాడే 25, 28 కిలోహెర్ట్జ్ తొట్టెల్లో ఆ సగం 12.5, 14 దగ్గర పడుతుంది. అది పెద్దవాళ్లలో కూడా చాలామందికి స్పష్టంగా వినపడే చోటు. ధర కలిసొస్తుందని అలాంటిది తెచ్చి ఇరుకు గదిలో పెట్టుకుంటే దాని పక్కన కూర్చోవడం కష్టం. నగల పనికి 40 చాలు.

నాకు ఆ ‘సుస్స్’ మాత్రమే వినపడేది. నా దగ్గర పని నేర్చుకుంటున్న మేనల్లుడి అనుభవం వేరు. “మామా, అది ఆన్ చేస్తే నెత్తిలో సూది దించినట్టు ఉంటోంది. నీకు ఆ కీచుమనే శబ్దం వినిపించడం లేదా?” అని అడిగాడు. నిజంగానే నాకు వినిపించలేదు. వాడు ఇరవై ఏళ్లు కూడా నిండనివాడు. నేను చిన్నప్పటి నుంచి పట్టెడ ముందు కూర్చుని సుత్తి దెబ్బలు, పాలిష్ మోటారు హోరు విన్నవాణ్ణి. నా వినికిడి పరీక్షలో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంతలా కిందికి దిగి ఉంది. అది పెద్ద శబ్దాల వల్ల దెబ్బతిన్న చెవి గుర్తు అని డాక్టరు చెప్పారు. నా మోతకు మూలం అక్కడే ఉందని, కోల్పోయిన శబ్దాల లోటు పూడ్చడానికి మెదడు తన లోపలి వాల్యూమ్ పెంచుకోవడం వల్ల అది పుడుతుందని వివరించారు. మరో సంగతి కూడా గమనించాను. మామూలు వినికిడి పరీక్ష 8,000 హెర్ట్జ్‌తో ఆగిపోతుంది. తొట్టి నుంచి వచ్చే పదునైన శబ్దంలో ఎక్కువ భాగం దానికి పైన ఉంటుంది. ఆ పరీక్ష బాగుందని చెప్పినంత మాత్రాన పై స్థాయిలు కూడా బాగున్నట్టు కాదు. కొన్ని చోట్ల 16,000 వరకు పరీక్షించే సదుపాయం ఉంది, అడిగి చేయించుకోవచ్చు.

మేనల్లుడు చెప్పింది విన్నాక దీని గురించి చదవడం మొదలుపెట్టాను. 1967లోనే ఇంగ్లండులో ఆక్టన్, కార్సన్ అనే ఇద్దరు అల్ట్రాసోనిక్ తొట్టెలు, డ్రిల్లులు ఉన్న కార్ఖానాల్లో పనివాళ్ల మీద పరిశోధన చేశారు. తలనొప్పి, కడుపులో తిప్పడం, అలసట, చెవిలో మోత అని వాళ్లు చెప్పినవన్నీ రాసుకున్నారు. ఆ బాధలు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించాయి. మగవాళ్ల చెవులు అప్పటికే పెద్ద శబ్దాలకు పై స్థాయిల్లో మొద్దుబారిపోయాయి కనుక ఆ స్వరాలు వాళ్లకు అందడం లేదని తేల్చారు. అంటే బాధ పెడుతున్నది వినపడని అల్ట్రాసౌండ్ కాదు, దానితో పాటు వచ్చే, వినపడే పై స్థాయి శబ్దం. మా గదిలో నాకూ మేనల్లుడికీ మధ్య జరిగింది అచ్చంగా ఇదే. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఈ విషయం యంత్రం అమ్మేవాళ్ల నోట రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇంగ్లండులోనే సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో టిమొతీ లైటన్ బృందం ఈ విషయాన్ని మళ్లీ తవ్వింది. 2018లో వెలువడిన వాళ్ల పరీక్షల్లో, చెవికి వినపడే అతి హెచ్చు స్వరాలు వినిపించినప్పుడు మనుషులకు అసౌకర్యం, చిరాకు, ఏకాగ్రత తగ్గడం కనిపించాయి. ఎప్పుడు శబ్దం ఉందో, ఎప్పుడు లేదో ఎవరికీ తెలియకుండా 20 కిలోహెర్ట్జ్ వినపడని శబ్దం పెట్టి చూసినప్పుడు మాత్రం అటువంటి తేడా స్పష్టంగా తేలలేదు. వాళ్లు వాడిన మోతాదులు కొద్దిసేపటివి, పరిమితమైనవి. ఏళ్ల తరబడి రోజంతా పక్కనే కూర్చుంటే ఏమవుతుందో ఆ పరీక్షలతో తేలదు. అందుకే ‘పరవాలేదు’ అని కొట్టిపారేసేవాళ్లతోనూ, ‘చెవులు పోతాయి’ అని భయపెట్టేవాళ్లతోనూ నేను ఏకీభవించను.

భౌతికశాస్త్రం కూడా కొంత ధైర్యం ఇస్తుంది. గాలిలో వచ్చే అల్ట్రాసౌండ్ మన ఒంటిని తాకగానే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. స్కానింగ్ చేసేటప్పుడు చర్మానికి జెల్ రాసేది అందుకే, మధ్యలో గాలి పొర ఉంటే తరంగం లోపలికి పోదు. ఆ స్కానింగ్‌ది మెగాహెర్ట్జ్ స్థాయి, మా తొట్టితో దానికి పోలికే లేదు. మా ఇంటి కోడలు గర్భిణిగా ఉన్నప్పుడు స్కానింగ్ వల్ల తనకూ చెవిలో మోత మొదలవుతుందేమోనని భయపడితే ఇదే చెప్పాను. కానీ నడుస్తున్న తొట్టిలో చెయ్యి పెట్టడం, మోచెయ్యి ఆనించడం వేరే సంగతి. అప్పుడు కంపనం గాలిలోంచి కాక నేరుగా ఒంట్లోకి పోతుంది. ఎముక ద్వారా అందిన అల్ట్రాసౌండును మనిషి ఒక హెచ్చు స్వరంగా వినగలడని చాలాకాలం క్రితమే కనుగొన్నారు. నగ పడిపోయిందని చేత్తో వెతక్కండి. ఆపి, జల్లెడ బుట్ట పైకెత్తి తీసుకోండి.

శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే డెసిబెల్ మీటరు కొని చూశాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. బజారులో దొరికే మీటర్లు మనిషి చెవి వినే తీరుకు తగ్గట్టు లెక్క సవరించే ఎ-వెయిటింగ్ అనే పద్ధతిలో కొలుస్తాయి. ఆ పద్ధతి 20 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని 9 డెసిబెళ్లు తక్కువ చేసి చూపిస్తుంది. చవక మైకులకు ఆ స్వరం సరిగ్గా అందదు కూడా. ఫోనులో శబ్ద రేఖాచిత్రం చూపే యాప్‌తో అయితే 20 దగ్గర గీత స్పష్టంగా నిలబడటం చూశాను. అంతకు పైన ఫోను కొంచెం దూరమే చూడగలదు, అసలు 40 దాకా దాని చూపు పోదు. ఆ గీత ఉందా లేదా అన్నది నమ్మండి, ఎంత ఎత్తుందన్నది నమ్మకండి. 1984లో అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం పనివాళ్లకు 20 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాల పట్టీలో 75 డెసిబెళ్లు, దానికి పై పట్టీల్లో 110 డెసిబెళ్లు హద్దుగా సూచించింది. ఈ రెంటి మధ్య ఉన్న తేడా చూస్తేనే అర్థమవుతుంది, భయపడాల్సిన చోటు వినికిడి అంచు.

మేము చేసుకున్న మార్పులు చిన్నవే. 40 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 9 మిల్లీమీటర్ల లోపే, 20ది దానికి రెట్టింపు. ఇంత పొట్టి తరంగాలను అడ్డుకోవడం సులువు. ప్లైవుడ్ పెట్టె చేయించి లోపల మందపాటి ఫోమ్ అతికించాం, యంత్రం వేడెక్కకుండా వెనుక గాలి దారి వదిలాం. మూత లేకుండా ఎప్పుడూ నడపం. కొత్త నీళ్లు పోసినప్పుడు లోపలి గాలి పోవడానికి నగలు వేయకుండా కాసేపు నడపాలి, ఆ సమయంలో గదిలో ఎవరూ ఉండరు. నగలు వేశాక కూడా టైమరు తిప్పి అవతలికి వెళ్లిపోతాం. నీటిమట్టం గీతకు కిందికి దిగనివ్వం, దిగితే శబ్దం పెరుగుతుంది, బిళ్లలు కూడా పాడవుతాయి. ఒకసారి అడుగున ఒక బిళ్ల అతుకు వదిలి శబ్దం గరగరమని మారింది. అలా మారితే వెంటనే ఆపి బాగుచేయించాలి. పెట్టె పెట్టిన తరువాత మేనల్లుడికి తలనొప్పి రావడం ఆగిపోయింది.

ఇక నా మోత. తొట్టి నడుస్తున్నంతసేపు ఆ ‘సుస్స్’ దాన్ని కప్పేస్తుంది. ఆపగానే నిశ్శబ్దంలో కాసేపు మోత ముందుకొచ్చినట్టు ఉంటుంది, తరువాత ఎప్పటి స్థాయికి దిగుతుంది. పాలిష్ మోటారు ముందు కూర్చుని లేచినప్పుడు ఇంతకంటే చాలా ఎక్కువగా, కొన్నిసార్లు పడుకునే దాకా ఉంటుంది. నిద్ర చాలని మరుసటి రోజు ఏ యంత్రం నడవకపోయినా పెరుగుతుంది. వీటన్నిటి మధ్య తొట్టి వాటా చిన్నదని నా నిర్ణయం. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిరడాలు హెచ్చు స్వరాలను బాగా ఆపుతాయి. మోటారు దగ్గర తప్పక పెట్టుకుంటాను. అయితే నిశ్శబ్దమైన చోట కూడా పెట్టుకునే ఉంటే లోపలి మోతే మరింత గట్టిగా వినిపిస్తుంది, అలవాటు చేసుకోవద్దు. మోత ఒక్క చెవిలోనే మొదలైనా, నాడితో పాటు కొట్టుకుంటున్నట్టు ఉన్నా, వినికిడి హఠాత్తుగా తగ్గినా యంత్రాన్ని అనుమానిస్తూ కూర్చోకుండా వెంటనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. కొనడానికి వెళ్లేటప్పుడు మీ పనిగదిలో అందరికంటే చిన్నవాణ్ణి వెంట తీసుకెళ్లండి. తొట్టిలో గీత దాకా నీళ్లు పోయించి, మూత పెట్టి ఒకసారి, తీసి ఒకసారి నడిపించి చూడమనండి. మూత పెట్టాక కూడా కీచు శబ్దం చెవిలో గుచ్చుతోందని వాడు అంటే, మీకు వినపడకపోయినా సరే, ఆ యంత్రం వద్దని చెప్పి వచ్చేయండి.