రాష్ట్ర రేడియాలజీ సంఘం సభ్యత్వం: 14 ఏళ్లు వాడాక

శ్రీకాకుళంలో సొంత స్కానింగ్ సెంటర్ పెట్టిన ఏడాదే, 2011లో, రాష్ట్ర రేడియాలజిస్టుల సంఘంలో చేరాను. చేరమన్నది మా సీనియర్. "సభ్యత్వం తీసుకోవోయ్, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు. దేనికి పనికొస్తుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. జీవిత సభ్యత్వానికి డబ్బు కట్టి, రసీదు ఫైల్లో పెట్టి మర్చిపోయాను. మొదటి నాలుగేళ్లు నాకు సంఘమంటే ఏడాదికో కాన్ఫరెన్స్, దానికి హాజరైతే డాక్టర్ల ఖాతాలో పడే క్రెడిట్ అవర్లు, మెడలో బ్యాడ్జి, రాత్రి భోజనం. పిల్లల సెలవులు కలిసొస్తే వెళ్లేవాణ్ని, లేకపోతే లేదు.

ఈమధ్య జూనియర్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. చదువు సంగతి సరే సార్, చట్టాల విషయంలో సంఘం చేసేదేమైనా ఉందా, లేక ఊరికే తీర్మానాలేనా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

2015లో ఒక బుధవారం, జనం బాగా ఉన్న టైంలో, అధికారులు తనిఖీకి వచ్చారు. నేను చీకటి గదిలో ప్రోబ్ పట్టుకుని ఉన్నాను. జెల్ అంటిన చేత్తోనే బయటికొచ్చేసరికి రిసెప్షన్ టేబుల్ మీద గర్భిణులకి స్కాన్ చేసినప్పుడల్లా నింపాల్సిన ఫారం-ఎఫ్‌లు, ఆ నెలవి, కట్టలు విప్పి ఉన్నాయి. రెండు ఫారాల్లో పేషెంటును పంపిన డాక్టరు చిరునామా గడి ఖాళీ. ఇంకోదాంట్లో గర్భిణి వేలిముద్ర ఉంది, తేదీ లేదు. నింపింది మా రిసెప్షన్ అమ్మాయి, సంతకం నాది. బయటివాళ్లకి ఇది గుమాస్తా పొరపాటులా కనిపిస్తుంది. లింగ నిర్ధారణ నిషేధ చట్టంలో 4(3) సెక్షన్ అలా చూడదు. ఫారంలో లోపం ఉంటే అసలు నిషేధాన్నే ఉల్లంఘించినట్టు లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది స్కాన్ చేసిన డాక్టరే. మొదటి కేసులోనే 3 ఏళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా.

షోకాజ్ నోటీసు చేతికొచ్చిన రోజు టెన్షన్‌తో అన్నం సహించలేదు. కాన్ఫరెన్స్‌లో ఇచ్చిన డైరెక్టరీ వెనక అట్ట మీద సంఘం లీగల్ సెల్ నంబరు కనిపిస్తే రాత్రి తొమ్మిదిన్నరకి చేశాను. అవతల ఎత్తినాయన నేనెవరో కూడా అడగలేదు. "ముందు క్షమాపణ మాత్రం రాయకు. పంపిన డాక్టరు చీటీ ఫారంకి పిన్ చేసుందా?" అన్నారు. ఉంది సార్ అన్నాను. "దాని మీద చిరునామా ఉంటుందిగా. జిరాక్స్ పెట్టు. ఫారానికో పేరా, నంబర్లు వేసి రాయి. నాకు మెయిల్ చెయ్, పొద్దున ఓపీకి ముందు చూస్తాను." పొద్దున ఆరున్నరకల్లా నా జవాబుని సగానికి కోసి తిరిగి పంపారు. హెచ్చరికతో బయటపడ్డాను. కట్టిన డబ్బు ఆ రాత్రికే చెల్లింది. కానీ అది ఒక మనిషి మంచితనం. ఆయన తర్వాత వచ్చినవాళ్లు తిరిగి ఫోన్ చెయ్యడానికి మూడు రోజులు పట్టిన సందర్భాలూ ఉన్నాయి.

మరుసటి ఏడాది, 2016 సెప్టెంబర్ 1న, దేశమంతా రేడియాలజిస్టులు స్కానింగ్‌లు ఆపారు. చిన్న చిన్న రాతపొరపాట్లకి క్రిమినల్ కేసులు వద్దన్నది డిమాండ్. నేనూ షట్టర్ దించాను. పలాస నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఒకామె మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. కేంద్రం హామీ ఇచ్చిందని సమ్మె విరమించారు. ఆ రోజు నల్లబ్యాడ్జీతో దిగిన ఫొటోలు ఇప్పటికీ మా గ్రూపులో తిరుగుతుంటాయి. సెక్షన్ మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

కోర్టు దారీ అంతే. ప్రసూతి వైద్యుల జాతీయ సమాఖ్య ఫాగ్సీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2019 మే 3న తీర్పిచ్చింది. రికార్డు రాయడం గుమాస్తా పని కాదు, చట్టం అమలయ్యేదే దాని మీద, శిక్షలు సడలించం అంది. మా సంఘంలో చాలామందికి మింగుడు పడలేదు. నాకు సగం మింగుడుపడింది. ఎందుకంటే నా గది గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు. కోడల్ని తీసుకొచ్చిన మామ్మ ఒకావిడ, స్కాన్ అయ్యాక అందర్నీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, "ఒక్క ముక్క సెప్పు బాబూ, గుంటడేనా? నాను ఎవులికీ సెప్పను" అంది. చెప్పకూడదమ్మా, జైల్లో వేస్తారు అన్నాను. "నాను సెప్తే కదా ఏత్తారు" అంది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి 1,015 మంది ఆడవాళ్లని గర్వంగా చెప్పుకుంటాం. పొట్ట చేతపట్టుకుని వలసపోయిన మగవాళ్లు ఆ లెక్కలో ఉండరు. ఆ అంకె చూపించి మా జిల్లాకి ఈ చట్టం అక్కర్లేదని ఒకాయన వేదికెక్కి మాట్లాడితే సిగ్గేసింది.

ఇలాంటిదే ఇంకొకటి. ఎంబీబీఎస్ తర్వాత ఆర్నెల్ల శిక్షణతో గర్భిణులకు స్కానింగ్ చేయొచ్చని 2014లో కేంద్రం రూల్స్ తెచ్చింది. సంఘం గట్టిగా వ్యతిరేకించింది. నాణ్యత కోసం అన్నారు, కొంత నిజమే. కానీ సీతంపేట కొండల్లోకి వెళ్లి కూర్చునే రేడియాలజిస్టు ఎవరు? మనం వెళ్లం, వెళ్లేవాళ్లనీ పోనివ్వం. ఈ మాట సమావేశంలో అన్నందుకు టీ బ్రేక్‌లో ఇద్దరు నాతో మాట్లాడలేదు.

ఇన్నేళ్లలో సంఘం పని ఎలా జరుగుతుందో నాకు లోపలి నుంచి తెలిసింది 2022లోనే. అప్పటిదాకా సంఘం నుంచి "మీ ఇబ్బందులు రాసి పంపండి" అని సర్క్యులర్ వస్తే ఒక్కదానికీ జవాబిచ్చిన పాపాన పోలేదు. ఆ ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. నేను వారానికి రెండు రోజులు వెళ్లే రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది. పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లింది. నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో మాత్రం రాజాం సెంటర్ ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. నెల రిపోర్టు వచ్చే నెల 5వ తేదీలోపు ఇవ్వాలి. ఎవరికివ్వాలి? 2012లో తెచ్చిన రూలు ప్రకారం ఒక డాక్టరు ఒక జిల్లాలో రెండు సెంటర్లకు మించి నమోదు కాకూడదు. మరి జిల్లా సరిహద్దు గీత జరిగాక నా లెక్క ఎంత? ఏ జిల్లాలో ఎన్ని? ఎందుకొచ్చిన గొడవని మూడు నెలలు రెండు చోట్లా ఇచ్చి రసీదులు తెచ్చుకున్నాను.

సంఘానికి ఉత్తరం రాస్తే కార్యదర్శి ఫోన్ చేశారు. "నీ ఒక్కడి బాధ అయితే అది విన్నపం. పదిమందిదైతే సమస్య. లిస్టు పట్రా." రాజాం, పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి వైపు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేశాను. పదకొండు పేర్లొచ్చాయి. అందులో నలుగురు అసలు సభ్యులే కారు. నేను రాసుకెళ్లిన మొదటి వినతిపత్రం నాలుగు పేజీలు, అందులో రెండు పేజీలు మా కష్టాలే. కార్యదర్శి దాన్ని ఒక పేజీ చేశారు. పైన రూలు నంబరు, కింద ఇబ్బంది రెండు లైన్లు, ఆ కింద మాకు కావాల్సిన ఉత్తర్వు ఏ మాటల్లో ఉండాలో ఆ మాటలే. "ఆఫీసర్‌కి మనం ఆలోచన మిగల్చకూడదు" అన్నారు. ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి, విజయవాడలో దిగి, సంఘం వాళ్లతో వెళ్లి ఆ కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. కొన్నాళ్లకి కొత్త జిల్లా పేరుతో నా సర్టిఫికెట్ వచ్చింది. మా కాగితం వల్లా, మామూలుగా వచ్చేదేనా, చెప్పలేను.

ఆ ప్రయాణంలో నేర్చుకున్నది ఇంకొకటుంది. ఈ చట్టం పార్లమెంటుది. రూల్స్ చేసేది కేంద్రం. అమలు రాష్ట్రం చేతిలో. సెక్షన్ మార్చమని ఎమ్మెల్యేకి శాలువా కప్పితే శాలువా ఖర్చే. అది ఎంపీలు లేవనెత్తాల్సిన విషయం. రూలు గురించైతే కేంద్ర ఆరోగ్య శాఖకి రాయాలి. తనిఖీల తీరు, సర్టిఫికెట్ల జాప్యం లాంటివైతే ఇక్కడే తేలుతాయి. ఈ తేడా చూసుకోకుండా ఏ తలుపు కనిపిస్తే ఆ తలుపు కొట్టి మా సంఘం చాలా ఏళ్లు పోగొట్టుకుంది.

ఇంకా అడగాల్సినవి అడగడం లేదన్నది నా పెద్ద కంప్లైంట్. జిల్లా సలహా కమిటీలో ముగ్గురు వైద్య నిపుణులుండాలని చట్టంలోని 17(6) సెక్షన్ చెప్తుంది. గైనకాలజిస్టులు, ప్రసూతి నిపుణులు, పిల్లల డాక్టర్లు, జెనెటిక్స్ నిపుణులు, వీళ్లలోంచే. రోజూ మెషిన్ ముందు కూర్చునే రేడియాలజిస్టు ఆ జాబితాలో లేడు. మా తీర్మానాల్లో ఇది ఎప్పుడూ చివరి లైను. అదే రాష్ట్ర పర్యవేక్షక బోర్డులో రేడియాలజిస్టులకో, అల్ట్రాసౌండ్ చేసే సోనాలజిస్టులకో రెండు స్థానాలున్నాయి. బోర్డు నాలుగు నెలలకోసారైనా కూర్చోవాలి. ఆ కుర్చీల్లో మన తరఫున ఎవరున్నారు, ఏం మాట్లాడారు అని సభ్యులకి ఒక్క పేజీ పంపితే పోయేదేముంది? నేను రెండుసార్లు అడిగాను. "చూద్దాం డాక్టర్ గారూ" అన్నారు.

సభ్యుల సంగతీ చెప్పాలి, తప్పంతా ఆఫీస్ బేరర్ల మీద తోసేస్తే అన్యాయం. సర్వసభ్య సమావేశం కాన్ఫరెన్స్ ఆఖరి రోజు, ఆదివారం భోజనాలయ్యాక పెడతారు. పొద్దున ఎమ్మారై సెషన్‌లో కూర్చోడానికి చోటు లేని హాల్లో అప్పుడు లెక్కపెడితే పద్దెనిమిది మందిమి. సగం మంది కాళ్ల దగ్గర సూట్‌కేసులు. చట్ట సవరణ తీర్మానం చదువుతుంటే వెనకాల కేటరింగ్ వాళ్లు గిన్నెలు సర్దుతున్నారు. ఆడ డాక్టర్లు ఆ పద్దెనిమిదిలో ఇద్దరు. గవర్నమెంటు ఆస్పత్రుల నుంచి ఒక్కరూ లేరు. గ్రూపులో మాత్రం పొద్దున్నే నాలుగొందల గుడ్ మార్నింగులు.

మార్కులంటారా, చదువు వైపు ఐదుకి నాలుగు, చట్టం వైపు రెండున్నర. అది మూడు కాకపోవడానికి కారణం ఆ ఆదివారం మధ్యాహ్నం. నేను కూడా ఎనిమిదిసార్లు ఆ టైంకి బస్సెక్కేశాను.

చేరేవాళ్లు డబ్బు కట్టిన రోజే లీగల్ సెల్ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కుని సేవ్ చేసుకోండి. డైరెక్టరీలో ఉన్నది పాత నంబరు.