వోగ్ 2021 ఫిబ్రవరి సంచిక: మనిషి ఒకరే, ముఖచిత్రాలు రెండు

ఫ్యాషన్ పత్రిక అమెరికా వోగ్ ఈ సంచికకి కమలా హారిస్‌తో రెండు ముఖచిత్రాలు చేసింది, అచ్చుకొకటి, డిజిటల్‌కొకటి. అప్పటికి ఆమె అమెరికా ఉపాధ్యక్షురాలిగా ఎన్నికై, పదవిలోకి రాబోతున్నారు. అచ్చు కవరు మీద విమర్శలొచ్చాయి. రెండూ టైలర్ మిచెల్ తీసినవే. 2018 సెప్టెంబరు సంచికకి బియాన్సేని తీసి, అమెరికా వోగ్ ముఖచిత్రం దక్కిన తొలి నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఆయన. కాబట్టి చేతకాక చెడిందనడానికి లేదు. చెడినదంతా ఫొటో ఎంపికలోనే.

అచ్చు కవరులో ఆమె నల్ల కోటు, సన్నటి ప్యాంటు, కాన్వర్స్ గుడ్డ బూట్లతో నిలబడి ఉన్నారు. వెనక ఆకుపచ్చ, దాని మీంచి జారి నేలమీద కుప్పపడ్డ గులాబీ గుడ్డ. ఆ రంగులు హోవర్డ్ యూనివర్సిటీలో ఆమె చేరిన ఆల్ఫా కప్పా ఆల్ఫా మహిళా సంఘానివి. ఆలోచన బాగుంది. కానీ ఆ సంగతి తెలియని పాఠకుడికి కనిపించేది సరిగ్గా బిగించని పరదా మాత్రమే.

చాలామంది బూట్లని తప్పుపట్టారు. నాకు అది తప్పుగా తోచలేదు. ఎన్నికల ప్రచారంలో ఆమె తరచూ అలాంటివే వేసుకు తిరిగారు. పైగా బట్టలు, జుట్టు, మేకప్ ఆమె బృందం ఇష్టప్రకారం జరిగినవే. అసలు ఇబ్బంది కొలతది. నిలువెత్తు ఫొటోలో మనిషి తల ఒంటి ఎత్తులో సుమారు ఏడున్నరో వంతు. కొట్లో నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ముఖం కన్నా ముందు బట్టలూ కాళ్ళూ కంటపడతాయి. ఫ్యాషన్ మోడల్‌కి సరిపోయే కొలత ఇది, పదవిలోకి వస్తున్న మనిషికి కాదు. దానికి తోడు చేతులు ముందు ముడుచుకుని ఉన్నాయి, తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు. వెలుతురు కూడా ఎక్కువై చర్మం రంగు వెలిసిపోయింది.

డిజిటల్ కవరులో లేత నీలం మైకేల్ కోర్స్ సూటు, బంగారు రంగు తెర, కట్టుకున్న చేతులు. నడుం దాకానే చూపించారు కాబట్టి ముఖం పెద్దదైంది, చూపు తిన్నగా మన మీదే నిలిచింది. హారిస్ బృందం అచ్చులో వస్తుందనుకున్నదీ ఇదే. అయినా పూర్తి మార్కులు వేయలేను. చేతులు కట్టుకోవడం కంపెనీ అధిపతుల ఫొటోల్లో అరిగిపోయిన భంగిమ. అధికారం చూపించాలంటే మగవాళ్ళ ఫొటోల నుంచే అరువు తేవాలా?

ఇక్కడ వార్తా పత్రిక న్యూస్‌వీక్ 2009 నవంబరు 23 సంచికని పక్కన పెట్టి చూడాలి. పరుగు పందేల పత్రిక కోసం 2008లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పేలిన్ నిక్కరులో దిగిన ఫొటోని రాజకీయ కథనానికి ముఖచిత్రంగా వేశారు. ఫొటో మారలేదు, చోటు మారింది, దాంతోనే అర్థం తలకిందులైంది. వోగ్ చేసింది అంత మోటు పని కాదు. తేలిక ధోరణిని ఆత్మీయత అనుకుంది, అంతే. అప్పటికే ఎవరూ శంకించని అధికారం ఉన్నవాళ్ళకి ఆ చనువు నప్పుతుంది. అమెరికా ఉపాధ్యక్ష పదవికి ఎన్నికైన మొట్టమొదటి మహిళకి ఆ వెసులుబాటు ఎక్కడిది?

నా లెక్కలో అచ్చు కవరుకి అయిదుకి రెండు, డిజిటల్‌కి మూడున్నర. విమర్శలొచ్చాక నీలం సూటు కవరుని కూడా పరిమిత సంఖ్యలో అచ్చు వేశారు. పాత సంచిక కొనేవాళ్ళు నెల ఒక్కటే చూసుకుంటే చాలదు, బంగారు తెర ఉందో లేదో ఫొటో అడిగి చూసుకోండి.